క్యాన్సర్ చికిత్స తర్వాత కదలికలేమి: నల్లగొండ, పాలమూరు మెట్టప్రాంతం

తెలుగులో పెద్ద జబ్బుకు మరో పేరు మంచం. ‘మంచం పట్టాడు’ అంటే చాలు, జబ్బు పేరు చెప్పనక్కర్లేదు. ‘లేచి తిరుగుతున్నాడు’ అంటే నయమైందనే అర్థం. క్యాన్సర్ నుంచి బయటపడినవారి విషయంలో ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరాన్ని వైద్య పరిశోధకులు గత ఇరవై ఏళ్లుగా గంటల్లో కొలుస్తున్నారు. చికిత్స ముగిశాక కూడా రోజులో ఎక్కువ భాగం కూర్చుని, చేరగిలబడి, పడుకుని గడిపేవారిలో మరణాలు ఎక్కువగా ఉంటున్నాయనీ, నడక అలవాటున్నవారు ఎక్కువకాలం బతుకుతున్నారనీ ఆ అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే వాటిలో పేరున్నవన్నీ దాదాపుగా ఆఫీసు కుర్చీకీ సోఫాకీ కారుకీ అలవాటుపడిన జనం మీద జరిగినవే. పార, మోకు, మగ్గం పట్టిన ఒళ్లకు ఆ ఫలితాలను అన్వయించేటప్పుడు లెక్క కొంత మారుతుంది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలను ఆధారం చేసుకుని ఆ లెక్కను చూడడం ఈ వ్యాసం పని. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట వేరుపడింది. ఇక్కడ పాత పేర్లే వాడుతున్నాం.

పదాలు, కొలతలు

మేలుకుని ఉన్న సమయంలో కూర్చుని, చేరగిలబడి లేదా పడుకుని, ఒంట్లో శక్తి పెద్దగా ఖర్చు కాకుండా గడిపే స్థితిని కదలికలేమి అంటారు. ఇంగ్లీషు పేరు సెడెంటరీ బిహేవియర్. శక్తి ఖర్చుకు కొలమానం మెట్. నిశ్చలంగా కూర్చున్నప్పుడు అయ్యే ఖర్చు 1 మెట్. 1.5 మెట్ల లోపు ఉంటే కదలికలేమి కింద లెక్క. వాకిలి ఊడవడం సుమారు 3 మెట్ల పని. నిద్ర ఈ లెక్కలోకి రాదు.

వ్యాయామం చేయకపోవడం, ఎక్కువసేపు కూర్చోవడం రెండూ ఒకటి కావు. పొద్దున గంటసేపు నడిచి, తర్వాత పది గంటలు కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చునే మనిషి వ్యాయామం చేసినవాడే, అతిగా కూర్చున్నవాడూ అతడే. పొద్దంతా ఇంట్లో ఏదో ఒక పని మీద తిరుగుతూ వ్యాయామమన్న మాటే ఎరగని ఇల్లాలిది దీనికి పూర్తిగా ఎదురు. పరిశోధనలు ఈ రెండింటినీ విడదీసి అడగడం మొదలుపెట్టాకే విషయం కాస్త తేటపడింది.

ఇక క్యాన్సర్ నుంచి బయటపడినవారు ఎవరు? అమెరికన్ వైద్యుడు ఫిట్జ్‌హ్యూ మల్లన్ తనకే క్యాన్సర్ వచ్చిన అనుభవంతో 1985లో రాసిన వ్యాసంలో, జబ్బు తేలిన రోజు నుంచే మనిషి బతికి బయటపడే దారిలో ఉన్నట్టని వాదించాడు. ఇప్పుడు ఎక్కువమంది ఆ అర్థాన్నే తీసుకుంటున్నారు. మన పత్రికలు ‘క్యాన్సర్‌ను జయించినవారు’ అని రాస్తాయి. వినడానికి బాగుంటుంది కానీ, ఈ మాటలో ఒక చిక్కుంది: గెలిచినవాడికి యుద్ధం ముగిసినట్టే. క్యాన్సర్‌లో చికిత్స ముగిసిన తర్వాత పదేళ్లు, ఇరవై ఏళ్లు ఎలా గడుస్తాయన్నది వేరే కథ. 2022 ప్రపంచ క్యాన్సర్ అంచనాల ప్రకారం భారతదేశంలో ఆ ఏడాది 14 లక్షలకు పైగా కొత్త కేసులు వచ్చాయి. గడిచిన అయిదేళ్లలో జబ్బు తేలి, బతికి ఉన్నవారు 32 లక్షలకు పైనే. హైదరాబాద్ జిల్లాలో రొమ్ము క్యాన్సర్ రేటు లక్ష మంది స్త్రీలకు 48 అని 2020 జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదిక తేల్చింది. ఆ నివేదికలోని పట్టణాలన్నింటిలోకీ అదే ఎక్కువ.

అధ్యయనాలు ఏం చెప్పాయి

కూర్చునే పనికీ చావుకూ లంకె కట్టిన తొలి పెద్ద పరిశోధన క్యాన్సర్ మీద జరిగింది కాదు. 1953లో జెరెమీ మారిస్ లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి, రోజంతా సీటుకు అతుక్కుపోయే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువని చూపించాడు. మన ఆర్టీసీ బస్సుకు మేడ లేకపోయినా పోలిక సులభంగానే పట్టుబడుతుంది.

క్యాన్సర్ విషయంలో మలుపు 2005లో వచ్చింది. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ సోకిన 2,987 మంది నర్సులను ఏళ్ల తరబడి గమనించిన మిషెల్ హోమ్స్ బృందం, వారానికి 3 నుంచి 5 గంటలు మామూలు వేగంతో నడిచినంత శ్రమ చేసేవారిలో ఆ క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు, వారానికి గంట కూడా నడవనివారితో పోలిస్తే సుమారు సగమని ప్రకటించింది. మందులతో సమానంగా నడకను లెక్కలోకి తెచ్చిన పరిశోధన ఇది. కూర్చోవడాన్నే విడిగా కొలిచిన పని 2013లో అచ్చయింది. పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లు వచ్చిన రెండువేల పైచిలుకు అమెరికన్లలో, జబ్బు తేలిన తర్వాత తీరిక వేళల్లో రోజుకు 6 గంటలో అంతకుమించో కూర్చునేవారికి, 3 గంటల లోపు కూర్చునేవారికంటే ఆ క్యాన్సర్‌తోనే చనిపోయే ముప్పు 60 శాతం దాకా ఎక్కువగా కనిపించింది.

ఎక్కువగా చెప్పుకునేది 2022లో వచ్చిన అధ్యయనం. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలో పాల్గొన్న 1,535 మంది క్యాన్సర్ బాధితులను తొమ్మిదేళ్ల దాకా గమనించగా 293 మంది మరణించారు. వారిలో 114 మంది క్యాన్సర్‌తో, 41 మంది గుండెజబ్బుతో, మిగిలినవారు ఇతర కారణాలతో పోయారు. సగానికి పైగా జనం అంతకుముందు వారంలో ఏ వ్యాయామమూ చేయలేదు. నాలుగో వంతు మంది రోజుకు 8 గంటలకు మించి కూర్చుంటున్నారు. తగినంత వ్యాయామం చేస్తూ 4 గంటల లోపు మాత్రమే కూర్చునేవారిని కొలబద్దగా పెట్టుకుంటే, 8 గంటలకు మించి కూర్చుంటూ వ్యాయామం సరిగా చేయనివారిలో మరణ ముప్పు అయిదు రెట్లకు పైన తేలింది. ఈ అంకె పత్రికలకు ఎక్కింది. దాని పక్కనే ఉన్న అంచనా వ్యాప్తి మాత్రం ఎక్కలేదు: అసలు విలువ మూడు రెట్లు కావచ్చు, తొమ్మిదిన్నర రెట్లు దాటనూ వచ్చు. చూసిన మనుషులు తక్కువైనప్పుడు అంకె ఇలాగే ఊగుతుంది. దిశను నమ్మవచ్చు, అయిదు అన్న అంకెను తూచి నమ్మాలి.

ఇంతకంటే లోతైన అనుమానం ఇంకొకటి ఉంది. కూర్చోవడం వల్ల చనిపోయారా, చావు దగ్గరపడి నీరసించడం వల్ల కూర్చున్నారా? చెట్టు ఎండిపోవడం వల్ల ఆకు రాలిందో, ఆకు రాలడం వల్ల చెట్టు ఎండిందో దూరం నుంచి చూసి చెప్పలేం. మొదటి ఒకటి రెండేళ్లలో చనిపోయినవారిని లెక్కలోంచి తీసేసి మళ్లీ గుణించడం పరిశోధకులు వాడే ఒక ఉపాయం. అది అనుమానాన్ని తగ్గిస్తుంది కానీ తుడిచెయ్యదు.

తుడవగలిగింది చీటీ వేసి జనాన్ని రెండు గుంపులుగా పంచే పరీక్ష ఒక్కటే. అది 2025 జూన్‌లో వచ్చింది. ఛాలెంజ్ అని పేరు పెట్టిన ఆ పరీక్షలో, ఆపరేషన్, కీమో రెండూ పూర్తయిన 889 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులు పాల్గొన్నారు. ప్రధానంగా కెనడా, ఆస్ట్రేలియాల్లో, మొత్తం 55 కేంద్రాల్లో జరిగింది. ఒక గుంపుకు ఆరోగ్య సూచనల పుస్తకాలు ఇచ్చి ఊరుకున్నారు. రెండో గుంపుకు మూడేళ్లపాటు శిక్షకులను తోడిచ్చి, కలిసి మాట్లాడుతూ, వ్యాయామం చేయిస్తూ వెంటపడ్డారు. ఎనిమిదేళ్లకు వ్యాయామం గుంపులో 90.3 శాతం మంది, పుస్తకాల గుంపులో 83.2 శాతం మంది బతికి ఉన్నారు. నూటికి ఏడుగురు తేడా. ఖరీదైన కొత్త మందులు కొన్ని ఇంతకంటే తక్కువ తేడాకే అనుమతి తెచ్చుకుంటాయి. కండరాలు, కీళ్ల నొప్పులు మాత్రం వ్యాయామం చేసినవారిలో ఎక్కువే: 18.5 శాతం, పుస్తకాల గుంపులో 11.5. ఈ పరీక్ష నడకను పెంచి చూసింది కానీ కూర్చునే గంటలను తగ్గించి చూడలేదు. కాబట్టి ‘కదిలితే ఆయుష్షు’ అన్న మాటకు ఇప్పుడు గట్టి రుజువు ఉంది. ‘కూర్చుంటే చావు’ అన్నదానికి ఇంకా లంకెలే ఉన్నాయి.

ఎంత కదిలితే కూర్చున్న నష్టం తీరుతుంది? సుమారు పది లక్షల మంది సమాచారాన్ని కలిపి 2016లో వేసిన ఒక లెక్క ప్రకారం, రోజుకు 60 నుంచి 75 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేసేవారిలో 8 గంటలు కూర్చోవడం వల్ల పెరిగే మరణ ముప్పు దాదాపు కనబడకుండా పోయింది. ఇది క్యాన్సర్ రోగుల లెక్క కాదు, మామూలు జనానిది.

ఒంట్లో జరిగేది

గంటల తరబడి కదలని కాలి కండరం రక్తంలోని చక్కెరను లాక్కోవడం తగ్గిస్తుంది. దాన్ని అదుపు చేయడానికి ఇన్సులిన్ పెరుగుతుంది. ఎక్కువైన ఇన్సులిన్, దానికి తోబుట్టువులాంటి పెరుగుదల కారకాలు కొన్ని క్యాన్సర్ కణాలకు ఎరువు వంటివి. ఒంట్లో నివురుగప్పిన మంటలా తక్కువ స్థాయి వాపు సాగుతూ ఉండడమూ ఒక కారణమని భావిస్తున్నారు. 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు కూర్చున్నవాళ్లను ఇరవై నిమిషాలకోసారి లేపి రెండు నిమిషాలు నడిపిస్తేనే భోజనం తర్వాతి చక్కెర, ఇన్సులిన్ రెండూ తగ్గాయి.

అయితే రోగి ముందుగా ఎదుర్కొనేది ఇవేవీ కాదు. డాక్సోరూబిసిన్ వంటి మందులు గుండెను బలహీనపరచగలవు. పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్ అరికాళ్లలో తిమ్మిర్లు పుట్టించి, నేల ఎక్కడుందో తెలియకుండా చేస్తాయి. రొమ్ము క్యాన్సర్‌కు ఏళ్ల తరబడి వేసే కొన్ని హార్మోను మాత్రలు ఎముకలను పలచబరుస్తాయి. అసలే క్యాన్సర్‌లో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ, కదలకపోతే మరీ ఎక్కువ. వీటన్నింటి మీదా పడుకున్నా తీరని అలసట. మామూలు అలసట నిద్రతో పోతుంది. క్యాన్సర్ అలసట కొద్దికొద్దిగా నడకతో తగ్గుతుందని పరీక్షలు మళ్లీమళ్లీ చూపించాయి. వినేవారికి ఇది తలకిందుల మాటగా తోస్తుంది. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకోదలచినవారు దీన్ని గుర్తుంచుకోవచ్చు.

చెలక నుంచి మంచానికి

పాలమూరు పేరు చెప్పగానే గుర్తొచ్చేది మట్టిపని. ఈ జిల్లా కూలీలు దేశంలోని డ్యాములకూ కాల్వలకూ మట్టి మోసిన చరిత్ర ‘పాలమూరు లేబర్’ అన్న మాటగా మిగిలిపోయింది. నల్లగొండ నుంచి నేతగాళ్లు భీవండి, షోలాపూర్, సూరత్ వెళ్లారు. ఉపాధి హామీ పథకం 2006లో మొదలైన తొలి 200 జిల్లాల్లో ఈ రెండూ ఉన్నాయి. వర్షాధారపు చెలకల్లో పత్తి, కంది, ఆముదం పండించే జనానికి కుర్చీ ఎప్పుడూ సమస్య కాలేదు. ఒక అధ్యయనం ప్రకారం 2022 నాటికి దేశంలో పెద్దవాళ్లలో 49.4 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు, ఆడవాళ్లలో అది 57 శాతం. హార్వెస్టరు వచ్చాక, ఇంటికో బండి వచ్చాక పల్లె కూడా ఆ వైపు జరుగుతున్న మాట నిజమే. అయినా ఇక్కడి క్యాన్సర్ రోగి కథ ఆఫీసు ఉద్యోగి కథ కాదు. చిన్ననాటి నుంచి ఒళ్లొంచి పనిచేసిన మనిషి ఒక్క ఆరు నెలల చికిత్సతో పూర్తిగా మంచానికి మారతాడు. మళ్లీ చెలకకు పోయే దారి అతనికి ఎవరూ చూపించరు.

ఆ మంచం వేసేది చాలాసార్లు ప్రేమే. ‘నువ్వు కూసో అమ్మా, నేను జేస్త’ అని కోడలు చీపురు లాక్కుంటుంది. ‘పానం మంచిగయ్యేదాక పండుకో’ అని కొడుకు అంటాడు. పనిచేస్తే కుట్లు తెగుతాయనీ, జబ్బు తిరగబెడుతుందనీ భయం. పెద్ద ఆపరేషన్ అంటే జీవితాంతం బరువు ఎత్తకూడదన్న నమ్మకం ఈ ప్రాంతంలో గర్భసంచి ఆపరేషన్ల నుంచే నాటుకుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 7.7 శాతం మందికి గర్భసంచి తీసేశారు. ఆంధ్రప్రదేశ్ తర్వాత దేశంలో ఇదే ఎక్కువ. సిగ్గు కూడా మనిషిని కూర్చోబెడుతుంది. జుట్టు ఊడిన తలతో, ఒకవైపు చదునైన ఛాతీతో బతుకమ్మ ఆడడానికి పోలేక గడప లోపలే ఉండిపోయేవారున్నారు. అంటుకోదని తెలిసినా కంచం వేరు పెట్టే ఇళ్లూ ఉన్నాయి.

మరికొన్నిచోట్ల మంచానికి వెనక ఉన్నది జీవనోపాధి. మోకు కట్టుకుని తాడెక్కే గీత కార్మికుడికి నోటి క్యాన్సర్ వచ్చి మెడలో గడ్డలు తీస్తే, భుజానికి వెళ్లే నరం దెబ్బతిని చెయ్యి పైకి లేవకపోవచ్చు. అతను మళ్లీ చెట్టెక్కలేడు. ఇంకో పని రాదు. మిగిలేది అరుగు.

ఇక్కడే ఒక మెలిక. పని మానేసినవారిని మళ్లీ పాత మట్టిపనికి పంపితే సరిపోతుందా? సరిపోదు. తీరికగా నడిచే నడకకు ఉన్న మేలు, విరామం లేకుండా ఎండలో మోసే బరువుకు లేదని శ్రమజీవుల మీద జరిగిన పరిశోధనలు చూపుతున్నాయి. కూలీ చేసేవాడు ఎప్పుడు ఆగాలో తాను నిర్ణయించుకోలేడు.

మగ్గం, ఆసు

భూదాన్ పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట నేతకారులను ‘కూర్చునే పని’ వారిగా లెక్కగడితే తప్పవుతుంది. గుంట మగ్గంలో కూర్చున్న మనిషి కాళ్లు తొక్కుడుకర్రలను తొక్కుతూనే ఉంటాయి, చేతులు ఆగవు. 1.5 మెట్ల గీతకు ఇది పైనే. ప్రశ్నావళిలో ‘రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారు?’ అని అడిగితే నేతగాడు పది గంటలని రాస్తాడు, బ్యాంకు ఉద్యోగీ పదే రాస్తాడు. రెండు పదులూ ఒకటి కావు. టాంజానియాలోని హాడ్జా వేటగాళ్లు రోజుకు పది గంటల దాకా కదలకుండానే గడిపినా, గొంతు కూర్చునే అలవాటు వల్ల వాళ్ల కాళ్ల కండరాలు పనిలోనే ఉంటున్నాయని 2020లో ఒక బృందం కొలిచి చూపింది. గొంతు కూర్చుని అంట్లు తోమే, బీరపాదు కింద కలుపు తీసే మన పల్లె ఇల్లాలికి ఈ లెక్క అక్షరాలా వర్తించేలా ఉంది.

ఆసు పోయడం మాత్రం వేరే సమస్య. పోచంపల్లి తరహా చీరకు నూలును మేకుల చుట్టూ తిప్పాలంటే ఒక్క చీరకే చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. దీనివల్ల తల్లి పడే భుజంనొప్పి చూడలేకే శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసుయంత్రాన్ని రూపొందించి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. రొమ్ము ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసేసిన స్త్రీకి చెయ్యి వాయడం తెలిసిన ఇబ్బందే. అందుకే ఆ చేత్తో బిందె కూడా ఎత్తొద్దని ఏళ్ల తరబడి చెప్పారు. 2009లో క్యాథరిన్ ష్మిట్జ్ బృందం చేతివాపు ఉన్న 141 మంది స్త్రీలతో మెల్లమెల్లగా పెంచుతూ బరువులు ఎత్తించింది. వాపు పెరగలేదు, ఉధృతమయ్యే సందర్భాలు తగ్గాయి. దాంతో పాత సలహా చెల్లకుండా పోయింది. అయినా మెల్లగా పెంచడం వేరు, తొలిరోజే తొమ్మిదివేల సార్లు ఆడించడం వేరు. యంత్రం ఉన్న ఇంట్లో ఈ ప్రశ్నే రాదు.

ఫ్లోరైడు ఒళ్లు

నల్లగొండలో ‘రోజూ నడవండి’ అని చెప్పే డాక్టరు ముందు రోగి మోకాళ్లు చూడాలి. 1940ల నుంచే వైద్య పత్రికల్లో నమోదైన ఇక్కడి ఫ్లోరోసిస్ (నీటిలోని ఫ్లోరైడుతో వచ్చే ఎముకల జబ్బు), మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో కొన్ని తరాల ఎముకలను బిగించింది. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతిని రూపొందించి దానికి ఈ జిల్లా పేరే పెట్టింది. ప్రపంచమంతటా అది నల్లగొండ టెక్నిక్‌గానే తెలుసు. మిషన్ భగీరథ పథకంతో కృష్ణా నీళ్లు వచ్చాక పిల్లలు ఫ్లోరైడు నీటికి దూరమయ్యారు కానీ, పాత నీళ్లు తాగి పెరిగినవారి వెన్ను తిరిగి వంగదు. ఫ్లోరైడు వల్ల క్యాన్సర్ వస్తుందని తేలలేదు, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కూడా దాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చలేదు. కానీ రెండూ ఒకే మనిషికి రావచ్చు. అప్పుడు ఒక విచిత్రమైన చిక్కు ఎదురవుతుంది: ఫ్లోరోసిస్ ఎముకలు ఎక్స్‌రేలో దట్టంగా తెల్లగా కనిపిస్తాయి, ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినా అలాగే కనిపించవచ్చు. ఊరి పేరు అడగని వైద్యుడు పొరబడే అవకాశం ఉంది. ఇలాంటి రోగికి అరగంట నడక అనే సూత్రం పనికిరాదు. అతనికి మంచం అంచున కూర్చుని కాళ్లు చాపి ముడవడం, గోడ పట్టుకుని లేవడం, నాలుగడుగులు వేసి ఆగడమే వ్యాయామం.

విశ్రాంతి అనే పాత మందు

క్షయకు మందుల్లేని రోజుల్లో విశ్రాంతే చికిత్స. నిజాం కాలంలో అనంతగిరి కొండల్లో వెలసిన క్షయ ఆస్పత్రి ఆ నమ్మకానికి దగ్గరి గుర్తు. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం. ఆ నమ్మకాన్ని కూల్చింది మన పొరుగు నగరమే. మద్రాసు క్షయ పరిశోధన కేంద్రం రోగులను చీటీ వేసి కొందరిని ఆస్పత్రిలో, కొందరిని ఇరుకు ఇళ్లలోనే ఉంచి, ఒకే మందులు ఇచ్చి, 1959లో ఫలితాలు ప్రకటించింది. ఇంటి దగ్గరివాళ్లు తక్కువ తిన్నారు, ఎక్కువ తిరిగారు, అయినా దాదాపు సమానంగానే కోలుకున్నారు. పనిచేసింది మందు, మంచం కాదు. క్షయలో ఆరు దశాబ్దాల కిందట తేలిన ఈ సంగతి క్యాన్సర్ ఇళ్లలోకి ఇంకా రాలేదు. డిశ్చార్జి కాగితం మీద ‘విశ్రాంతి’ అన్న మాట ఎన్ని రోజులకో రాయకుండా వదిలేస్తే అది జీవితకాలపు ఆదేశమై కూర్చుంటుంది.

ఆస్పత్రుల దారి

ఈ రెండు జిల్లాల రోగులకు చికిత్స అంటే చాలాకాలం హైదరాబాదే. 1955లో మొదలైన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆస్పత్రి, నిమ్స్, 2000లో తెరిచిన బసవతారకం ఆస్పత్రి ఊళ్లలో అందరికీ తెలిసిన పేర్లు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని తొలిసారి మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అదే ఏడాది చివర్లో నల్లగొండకూ వచ్చింది. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి పది లక్షలకు పెరిగింది, అదే రోజు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం మొదలైంది. కరెంటు పెట్టించుకోవడానికి, అంటే రేడియేషన్‌కు, వారాల తరబడి రోజూ పోవలసినవారికి ఈ రెండూ పెద్ద ఆసరా. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. ఆరోగ్యశ్రీ పథకం ఆపరేషన్‌కూ కీమోకూ రేడియేషన్‌కూ డబ్బు కడుతుంది. ఆ తర్వాత ఇంటికి పోయి ఒంటిని ఎలా వాడుకోవాలన్నది ప్యాకేజీలో ఇమిడే విషయం కాదు. ఛాలెంజ్ పరీక్షలో ఫలితం తెచ్చింది పుస్తకం కాదు, మూడేళ్లు వెంట ఉన్న మనిషి. ఆ మనిషి మన ఊళ్లో ఎవరు కావాలన్నది అసలు ప్రశ్న. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకు ఆ పని అప్పజెప్పడం అసాధ్యమేమీ కాదు.

ఎంత, ఎలా, ఎప్పుడు ఆగాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు క్యాన్సర్ నుంచి బయటపడినవారికీ వర్తిస్తాయి: వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాల బలానికి పని, కూర్చునే సమయం తగ్గింపు. 2019లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల సూచన ఇంకా తేలిక. అలసట తగ్గడానికి వారానికి మూడుసార్లు అరగంట నడక, రెండుసార్లు బలం పెంచే వ్యాయామం చాలునంటుంది. ఊరిలో దీనికి జిమ్ అక్కర్లేదు. పల్లె ప్రగతి కింద ఊరూరా పెట్టిన ప్రకృతి వనాల్లో నడకదారి ఉంది. నల్లగొండ ఎన్‌జీ కాలేజీ మైదానంలో తెల్లవారుజామున నడిచేవారికి కొదవలేదు. వాకిలి ఊడ్చి సాన్పి చల్లడం, సగం బిందె నీళ్లు మోయడం, చెలక దాకా పోయి పంట చూసి రావడం కూడా లెక్కలోకి వచ్చేవే. టీవీ సీరియల్లో ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేచి రెండు నిమిషాలు ఇంట్లో తిరగడం ఆస్ట్రేలియా ప్రయోగానికి మన రూపం.

జాగ్రత్తలు తక్కువేమీ కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, నడక పొద్దు పొడవక ముందే ముగియాలి. జ్వరం ఉన్నప్పుడు, ‘రక్తం తక్కువైంది’ అని డాక్టరు చెప్పినప్పుడు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినప్పుడు, జబ్బు ఎముకలకు పాకినప్పుడు సొంత నిర్ణయం పనికిరాదు. ఒక కాలు మాత్రమే వాచి నొప్పెడితే, ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే నడక ఆపి ఆస్పత్రికి పోవాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవారు వట్టి కాళ్లతో పొలం గట్ల మీద నడవకూడదు.

మళ్లీ పరీక్షకు వెళ్లినప్పుడు మందుల చీటీ తీసుకుని వెంటనే లేవకండి. రోజుకు ఎంత దూరం నడవచ్చో, ఏ చేత్తో ఎంత బరువు ఎత్తవచ్చో, ఏ పనికి ఎన్ని నెలలకు తిరిగి వెళ్లవచ్చో అడిగి, ఆ చీటీ మీదే రాయించుకోండి. వెంట వచ్చిన కోడలినో కొడుకునో ఆ సమాధానం విననివ్వండి.